బైపాస్ తర్వాత పళ్లెంలో ఇనుము

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స జరిగిన పద్నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, బియ్యం డబ్బా మూత తీసి గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుంటుండగా మా అత్తగారు చూశారు. "అమ్మాయీ, కడుపుతో ఉన్నప్పుడూ నువ్వు ఇలాగే బియ్యం నమిలేదానివి. రక్తం తక్కువగా ఉందని అప్పుడు డాక్టరుగారు మందిచ్చారు కదా. మళ్లీ అదే వచ్చిందేమో, వెళ్లి చూపించుకో" అన్నారు. అప్పటికి రెండు నెలలుగా నేను రోజూ బియ్యం తింటున్నాను. అది ఆకలి వల్ల కాదు. ఆ కరకర, ఆ పచ్చి వాసన కావాలని ప్రాణం లాగేది. బడిలో రెండో అంతస్తులో ఉన్న తొమ్మిదో తరగతి గదికి మెట్లెక్కేసరికి గుండె దడదడలాడేది, దువ్వెన నిండా జుట్టు వచ్చేది, రాత్రిళ్లు మంచం మీద కాళ్లు నిలకడగా ఉండేవి కావు. బరువు త్వరగా తగ్గుతున్నందువల్ల ఇవన్నీ సహజమేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరుసటి రోజు చేయించిన పరీక్షలో హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 8.9 గ్రాములు, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెర్రిటిన్ మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు ఉన్నట్లు తేలింది.

మట్టి, బలపాలు, సుద్దముక్కలు, ఐసు గడ్డలు, పచ్చి బియ్యం వంటివి తినాలనిపించే కోరికను వైద్యులు పైకా అంటారు. ఇనుము లోపం ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. మన ఇళ్లలో దీన్ని ఆడపిల్లల పాడు అలవాటుగా చూసి మందలిస్తారే తప్ప రక్తపరీక్ష చేయించరు. బైపాస్ చేయించుకున్నవారి ఇంట్లో ఎవరైనా ఈ వ్యాసం చదువుతూ ఉంటే, బియ్యం డబ్బా విషయం మాత్రం దయచేసి మనసులో పెట్టుకోండి.

నాకు జరిగిన శస్త్రచికిత్స పేరు రూ-ఆన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీస్తారు. చిన్నపేగును కొంత దూరం తర్వాత కోసి, ఆ కింది కొసను పైకి తెచ్చి ఈ సంచికి కలుపుతారు. అంటే తిన్న అన్నం మిగతా జీర్ణాశయాన్ని, ఆంత్రమూలాన్ని (చిన్నపేగు మొదలయ్యే చోటును), దాని తర్వాత వచ్చే కొంత పేగును తాకకుండానే కిందికి వెళ్లిపోతుంది. మన శరీరం ఇనుమును ముఖ్యంగా పీల్చుకునే చోటు ఆ ఆంత్రమూలం, దానిని ఆనుకొని ఉన్న పేగు మొదటి భాగమే. పైగా ధాన్యాల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము కరిగి పేగు పీల్చుకోగల రూపంలోకి మారడానికి జీర్ణాశయంలోని ఆమ్లం తోడు కావాలి. చిన్న సంచిలో ఆ ఆమ్లం చాలా తక్కువగా ఊరుతుంది. బరువు తగ్గడానికే చేసే మరో శస్త్రచికిత్స స్లీవ్. అది చేయించుకున్నవారికి పేగు దారి మారదు కానీ, జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేస్తారు కాబట్టి ఆమ్లం, తినే పరిమాణం రెండూ తగ్గి వారికి కూడా ఈ ఇబ్బంది వస్తుంది.

దీనికి తోడు నా స్వయంకృతం ఒకటి ఉంది. శస్త్రచికిత్స తర్వాత పుండు పడకుండా ఉండడానికి కొన్ని నెలలపాటు వాడమని ఇచ్చిన గ్యాస్ మాత్రను, గడువు తీరిన తర్వాత కూడా మందుల దుకాణంలో కొనుక్కొని ఏడాదికి పైగా ప్రతి ఉదయం వేసుకున్నాను. పాంటోప్రజోల్ వంటి ఆ మాత్రల పనే ఆమ్లాన్ని తగ్గించడం. అసలే కొద్దిగా ఊరే ఆమ్లాన్ని కూడా ఆపేసి, ఆ వెంటనే ఆకుకూర తింటే ఇనుము వస్తుందని నేను నమ్మాను. వైద్యులు అవసరమని కొనసాగించమన్నవారు దాన్ని సొంతంగా మానకూడదు. నాలాగా అలవాటుగా మింగుతున్నవారు మాత్రం తరువాతి సందర్శనలో ఆ మాట తప్పక అడగాలి.

ఊబకాయం ఉన్నప్పుడే చాలామందిలో ఇనుము నిల్వలు తక్కువగా ఉంటాయన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒంట్లో దీర్ఘకాలంగా ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు స్థితి) ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది, అది పేగు నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లే ద్వారాన్ని మూస్తుంది. కాబట్టి శస్త్రచికిత్సకు ముందే ఫెర్రిటిన్ చూపించుకొని, తక్కువగా ఉంటే అప్పుడే సరిచేసుకోవడం ఎంతో మేలు. నా ఫైలులో అప్పటి హీమోగ్లోబిన్ అంకె ఉంది, ఫెర్రిటిన్ అంకె లేదు. హీమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఒంట్లోని నిల్వలు ఖాళీ అవుతూ ఉండవచ్చు. నిల్వ తెలియజేసేది ఫెర్రిటిన్. అయితే జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్న రోజుల్లో ఫెర్రిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడు పరీక్ష చేయించుకోవడం మంచిది.

రక్తం తక్కువని తెలియగానే బంధువులందరూ ప్రేమతో తెచ్చినవి ఖర్జూరాలు, నువ్వుల చిమ్మిలి, బెల్లం వేసిన పల్లీపట్టి, బీట్‌రూట్ రసం, దానిమ్మకాయలు. ఎర్రగా ఉన్నది రక్తాన్ని ఇస్తుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. కానీ 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా లేదు, దానిమ్మలో అంతకన్నా తక్కువ. ఒక్కో ఖర్జూరంలో అర మిల్లీగ్రామైనా ఉండదు. బైపాస్ చేయించుకున్నవారికి ఇందులో మరో ప్రమాదం ఉంది. తీపి పదార్థం చిన్న సంచిలో నిలవకుండా ఒక్కసారిగా పేగులోకి జారితే గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి; దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. నాలుగు ఖర్జూరాలు, ఒక గ్లాసు బీట్‌రూట్ రసం తీసుకున్న సాయంత్రం నేను అరగంటసేపు మంచం మీద నుంచి లేవలేకపోయాను. తెచ్చినవారి మనసు నొప్పించకుండా వద్దని చెప్పడం కష్టమే, అయినా చెప్పక తప్పదు.

ఆహారంలోని ఇనుము రెండు రకాలు. మాంసం, కాలేయం, చేపలలోని ఇనుములో కొంత భాగం హీమ్ ఇనుము; ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, గింజలలో ఉండేది నాన్-హీమ్ ఇనుము. హీమ్ ఇనుములో సాధారణంగా 15 నుంచి 35 శాతం వరకు శరీరానికి చేరుతుంది. రెండో రకంలో చేరేది, పక్కన ఏం తిన్నామన్నదాన్ని బట్టి 2 నుంచి 20 శాతం వరకు మారుతుంది. బైపాస్ తర్వాత హీమ్ ఇనుము కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే అది చేరే ప్రధానమైన చోటు కూడా ఆంత్రమూలమే. కానీ దానికి ఆమ్లంతో అంతగా పనిలేదు, ఇతర పదార్థాలు దాన్ని పెద్దగా అడ్డుకోలేవు. అందుకే మాంసాహారం తినేవారిమి మాంసాన్ని వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇబ్బంది ఎక్కడంటే, శస్త్రచికిత్స తర్వాత మటన్ ముక్క చాలామందికి దిగదు. సరిగా నమలని పీచు ముక్క సంచి ద్వారం దగ్గర ఇరుక్కుంటే ఛాతీలో పట్టేసినట్లయి, చివరికి వాంతితో గాని ఉపశమనం కలగదు. అలా రెండుసార్లు జరిగిన తర్వాత నేను ఎనిమిది నెలలపాటు మాంసం జోలికే పోలేదు. ఆ ఎనిమిది నెలలే నా నిల్వలను తినేశాయని ఇప్పుడు అనుకుంటున్నాను. దారి చూపింది మా ఆడపడుచు. ఆవిడ మటన్ ఖీమాను మరొక్కసారి సన్నగా కొట్టించి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, టమాటా గుజ్జుతో తడిపొడిగా చేసి పంపింది. నాలుగు చెంచాలు తిన్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. కోడి కార్జం ఇంకా మెత్తన. 100 గ్రాముల పచ్చి కార్జంలో సుమారు 9 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, అదే బరువు కోడి మాంసంలో ఉండేది ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లోనే. చికెన్ తింటున్నాం కదా అని ధైర్యంగా ఉండేవారు ఈ తేడా గమనించాలి. కార్జం ఎక్కువ మంట మీద వేపితే రబ్బరులా సాగుతుంది. కొద్దిగా నిమ్మరసం, అల్లంవెల్లుల్లి పట్టించి, మూతపెట్టి సన్నని సెగ మీద లోపలి వరకు ఉడికిస్తే వేళ్లతో చిదిమినా విడిపోతుంది. నేను వారానికి ఒక్కసారి 50 గ్రాములు తింటాను. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ కాబట్టి అంతకు మించి తినను. గర్భం దాల్చినవారు, దాల్చాలనుకుంటున్నవారు వైద్యులను అడగకుండా తినకూడదు.

మాంసానికి మరో గుణం ఉంది: అదే ముద్దలో కలిసిన ఆకుకూర, పప్పులలోని ఇనుము కూడా శరీరానికి ఎక్కువగా చేరేలా చేస్తుంది. పుల్లని పదార్థాలు కూడా ఆ పని చేస్తాయి. ఈ రెండు సంగతులూ తెలిసిన తర్వాత గోంగూర మటన్ మీద నాకున్న ఇష్టం గౌరవంగా మారింది. మా గుంటూరు వైపు ఆదివారం కూరగా వండుకునే ఆ ఒక్క గిన్నెలో హీమ్ ఇనుము, ఆకు ఇనుము, పులుపు మూడూ కలిసి ఉన్నాయి. నేను నూనె సగానికి తగ్గించి, ఖీమాతో వండుతాను.

శాకాహారులకు ఈ ప్రయాణం కష్టతరమని దాచకుండా చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను ప్రచురించింది. నేను వంట మొదలుపెట్టే ముందు చూసేది వాటినే. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. రాగుల్లో నాలుగున్నర, సజ్జల్లో ఆరు, ఉలవల్లో ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా ఉంది. పాలకూరకు వచ్చినంత పేరు తోటకూరకు రాలేదు కానీ, పాలకూరలో సుమారు మూడు మిల్లీగ్రాములుంటే తోటకూరలో నాలుగున్నర దాటి ఉంది. పాలకూరలోని ఇనుము ఒంటికి పట్టేది కూడా తక్కువే. అయితే ఈ అంకెలన్నీ 100 గ్రాములకు చెప్పినవి. బైపాస్ అయిన మనిషి పూటకు తినగలిగే పప్పు, పచ్చిగా తూచితే, 30 గ్రాములు దాటదు. అంత కందిపప్పులో వచ్చేది ఒక మిల్లీగ్రాముకు కాస్త ఎక్కువ. మన దేశంలో వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఇదే సంస్థ 2020లో నిర్దేశించింది, అదీ మామూలు పేగు ఉన్నవారికి. నేను ఒక నెలపాటు తూకం వేసి తిన్నప్పుడు నా పళ్లెంలో రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములకు మించి రాలేదు.

ఆ కొద్దిపాటి ఇనుమును కాపాడుకోవడంలో మన వంటింటి పాత పద్ధతులు నిజంగా ఉపయోగపడతాయి. ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టుకొని వదలదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల అది విరిగిపోతుంది. అందువల్ల నేను పెసలను మొలక వచ్చాకే పెసరట్టుకు రుబ్బుతాను, రాగిజావకు బదులు రాత్రంతా పులిసిన అంబలి తాగుతాను, ఉలవలను కూడా మొలకెత్తించి గుగ్గిళ్లు చేసి మెత్తగా మెదిపి నిమ్మకాయ పిండుకుంటాను. ఉలవచారు మా ఇంట్లో అందరికీ ప్రాణం. కానీ ఉడికిన గింజలను పశువులకు వేసి కట్టు మాత్రమే కాచుకుంటే గింజలోని ఇనుములో చాలా భాగం పశువులకే పోతుంది. నేను కొన్ని గింజలను మెత్తగా రుబ్బి చారులో కలుపుతాను, చిక్కదనం కూడా బాగుంటుంది.

అమ్మమ్మ నాటి ఇనుప మూకుడును అటక మీద నుంచి దింపించాను. టమాటా, చింతపండు, గోంగూర వంటి పుల్లనివి ఇనుప పాత్రలో ఉడికితే పాత్ర నుంచి కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. కూర నల్లబడుతుంది, వండగానే గాజు గిన్నెలోకి తీయకపోతే రుచి మారుతుంది, కడిగి నూనె రాసి పెట్టకపోతే మూకుడు తుప్పు పడుతుంది. ఈ శ్రమ నాకు భారమనిపించలేదు. విటమిన్ సి కోసం ఉసిరికాయకు మించినది లేదు. 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. కాలం కానప్పుడు జామపండు ఉంది, పండిన జామలో గింజలు తీసేసి తింటే సంచికి ఇబ్బంది ఉండదు. నిమ్మరసాన్ని మాత్రం పొయ్యి మీద ఉన్న కూరలో వేయకుండా పళ్లెంలో పిండుకోవాలి, వేడికి విటమిన్ సి నశిస్తుంది.

ఇక గడియారం సంగతి. తిండిలో చేసుకున్న మార్పులన్నిటిలో నాకు ఎక్కువ కష్టమైనది, ఎక్కువ ఫలితమిచ్చినది ఇదే. భోజనంతో పాటు తాగిన టీ ఆ భోజనంలోని నాన్-హీమ్ ఇనుమును సగానికి పైగా అందకుండా చేయగలదు. కాఫీ కూడా అడ్డుపడుతుంది. నేను పద్దెనిమిదేళ్లుగా ఇడ్లీ తిన్న చేతితోనే కాఫీ గ్లాసు అందుకున్నదాన్ని. ఇప్పుడు ఎనిమిది గంటలకు పెసరట్టు, పదిన్నరకు బడి విరామంలో కాఫీ. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదట ఖీమా గాని గుడ్డు గాని, ఆ తర్వాత ఆకుకూర పప్పు, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. నీళ్లు అరగంట ఆగిన తర్వాతే. పెరుగు కాల్షియం ఉన్న పదార్థం, కాల్షియం ఇనుముకు అడ్డు తగులుతుంది కాబట్టి పెరుగన్నాన్ని మధ్యాహ్న భోజనం నుంచి తీసి సాయంత్రం నాలుగు గంటలకు మార్చాను. పెరుగు లేకుండా విస్తరి ముందు నుంచి లేవడం మా ఇంట్లో ఎవరూ ఎరగని పని. మొదటి నెల నాకు భోజనం చేసినట్లే అనిపించలేదు, ఆ వెలితి నిజమైనది.

పెరుగు కన్నా గట్టిగా పట్టించుకోవలసినది కాల్షియం మాత్ర. బైపాస్ తర్వాత రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటారు, అది 500, 600 చొప్పున విడివిడిగా వేసుకోవాలి, ఇనుము మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నేను మొదటి ఏడాది రెండు మాత్రలనూ రాత్రి భోజనం కాగానే ఒకే గుక్క నీటితో మింగాను. ఇప్పుడు కాల్షియం సిట్రేట్ సాయంత్రం పెరుగుతోనూ, రాత్రి ఏడున్నర భోజనంతోనూ వేసుకొని, ఇనుము మాత్రను పదిన్నరకు పడుకునే ముందు వేసుకుంటున్నాను.

ఇనుము మాత్ర ఇంకా ఎందుకని నన్ను చాలామంది అడుగుతారు. సరైన తిండి తింటే మాత్రలు అక్కరలేదన్న మాట వినడానికి బాగుంటుంది, బైపాస్ చేయించుకున్నవారి విషయంలో అది నిజం కాదు. ఊబకాయ శస్త్రచికిత్స నిపుణుల సంఘమైన అమెరికన్ సొసైటీ ఫర్ మెటబాలిక్ అండ్ బేరియాట్రిక్ సర్జరీ సూచనల ప్రకారం నెలసరి వచ్చే స్త్రీలకు, బైపాస్ గాని స్లీవ్ గాని చేయించుకున్నవారికి రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము అందాలి. పైన చెప్పిన నా పళ్లెం లెక్క 10 దగ్గర ఆగిపోయింది. మాత్ర కొనేటప్పుడు దానిలో అసలు ఇనుము ఎంతో చూడాలి. 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఉండేది 65 మిల్లీగ్రాముల ఇనుమే. నెమ్మదిగా కరిగేలా పూత వేసిన మాత్రలు మనకు పనికిరావు, అవి కరిగేసరికి పీల్చుకునే చోటు దాటిపోతుంది.

నా 8.9 తిండితో గాని మాత్రతో గాని పెరగలేదు. మూడు నెలలు చూసి, చివరకు డే-కేర్‌లో సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించారు. ఆ తర్వాతే మెట్లెక్కగలిగాను, బియ్యం మీద కోరిక రెండు వారాల్లో పోయింది. తిండి నాకు ఎక్కించిన ఇనుమును త్వరగా కరిగిపోకుండా నిలబెడుతోంది. ఇనుము ఎక్కించినా హీమోగ్లోబిన్ పెరగనివారు బీ12, ఫోలేట్, రాగి (కాపర్) పరీక్షలు కూడా చేయించుకోవాలి. బైపాస్ తర్వాత వీటి లోపం కూడా రక్తహీనత తెస్తుంది.

ఇంకొక మాట ఆడవారితోనే చెప్పాలి. అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య పీసీఓఎస్ వల్ల ఏళ్ల తరబడి సరిగా రాని నెలసరి, బరువు తగ్గాక నాకు నెలనెలా రావడం మొదలైంది, అదీ ఎక్కువగా. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ ఒంట్లోకి వచ్చే ఇనుము తగ్గిన సమయంలోనే పోయే ఇనుము పెరిగిందని ఎవరికీ తట్టలేదు. స్త్రీల వైద్యురాలికి చూపించుకొని రక్తస్రావం అదుపులోకి తెచ్చుకున్న తర్వాత నా ఫెర్రిటిన్ మొదటిసారి రెండు వరుస పరీక్షల్లో పడిపోకుండా నిలిచింది. గత పరీక్షలో హీమోగ్లోబిన్ 12.4, ఫెర్రిటిన్ 43. తరువాతి పరీక్ష ఆరు నెలలకు. ఆ తేదీని మా అత్తగారు వంటింటి క్యాలెండరు మీద ఎర్ర సిరాతో చుట్టి పెట్టారు.